చెత్త బండి ఆగే చోటు

సెప్టెంబరు 9, సోమవారం

పొద్దున సన్నవాన, మధ్యాహ్నానికి ఆగింది. దుకాణం ముందు కాలువ మీది ఇనుప జాలీ ఎత్తి ఆకులు తీసి పారేశాను. తాళంచెవులు కొన్ని చేశాను, బ్యాంకు ఖాతాకు సంతకం బదులు వేసే పేరు ముద్ర ఒకటి చెక్కాను. ముద్ర కర్ర కొంచెం పగిలి ఉంది, వేరేది వాడాను.

సాయంత్రం సంచీ పట్టుకుని క్షేత్రపాలుడి గుడి దాకా నడిచాను. చెత్త బండి ఇప్పుడు అక్కడే ఆగుతోంది. పోయిన నెలాఖరు దాకా మా సందు మొదట్లో, సరిగ్గా నా దుకాణానికి ఎదురుగా ఆగేది. బండి మోగించే పాట వినపడగానే నాలుగు మేడల జనం సంచులతో దిగేవాళ్లు. ఎవరి చెత్త వాళ్లే బండిలో వెయ్యాలి, రోడ్డు మీద పెడితే జరిమానా. అందుకని రోజూ అందరూ అందరికీ కనపడేవాళ్లు. కరెంటు స్తంభానికి ఒక కాగితం అంటించి చోటు మార్చేశారు. కారణం రాయలేదు.

గుడి దగ్గర మా సందువాళ్లందరూ ఉన్నారు, ఎదుటి మేడ ఆమె తప్ప. పీయున్ లేదు. నిన్న ఆదివారం, బండి రాదు. మొన్న కూడా లేదు. అంతకు ముందూ లేదు.

సెప్టెంబరు 10, మంగళవారం

మబ్బు. మా పేటపెద్ద వెంగ్ సైకిలు తాళం పోగొట్టుకుని వచ్చాడు. కొత్తది బిగిస్తూ, బండి చోటు ఎందుకు మార్చారని అడిగాను. పైవాళ్ల నిర్ణయం అన్నాడు. పైవాళ్లంటే ఎవరు అన్నాను. అతను నా మొహం వింతగా చూశాడు. ఇన్నేళ్లలో నేను అతన్ని ఏదైనా అడగడం ఇదే మొదలు అనుకుంటాను. ఏమయ్యా ఫాంగ్, నీకు పైవాళ్లు ఎవరో తెలియాలంటే ఇదిగో, క్లాసులు పెట్టారు, పోయి చదువుకో, నాకూ తెలియదు, నేర్చుకుని వచ్చి నాకు చెప్పు, అని సంచీలోంచి ఒక పాంప్లెట్ తీసి బల్ల మీద పడేసి పోయాడు.

'మన నగరం ఎలా నడుస్తుంది.' పౌరులకు సాయంత్రం తరగతులు. హైస్కూలు భవనంలో, బుధవారాలు. బుధవారం కూడా బండి రాదు కాబట్టి ఆ రోజు పెట్టి ఉంటారు.

నేను ఆరో తరగతితో బడి మానేసినవాణ్ణి. చెక్కడం పుస్తకాలు చూసి నేర్చుకున్నాను, చదవడం చెక్కుతూ నేర్చుకున్నాను.

సెప్టెంబరు 11, బుధవారం

వెళ్లాను. బెంచీలు పిల్లలవి, మోకాళ్లు బల్లకు తగులుతాయి. టీచరు షావ్ మేడమ్, ముప్పై దాటి ఉండదు, ఇంతకుముందు ఒక కౌన్సిలర్ దగ్గర పనిచేసిందట. ఒక్కొక్కరినీ ఎందుకు వచ్చారో చెప్పమంది. ఒకామె వాళ్లింటి ముందు చెట్టు వేర్లు నేలను లేపేస్తున్నాయని వచ్చింది. రిటైరైన బస్సు డ్రైవరు దూ అనే ఆయన, ఇంట్లో ఉంటే భార్య పని చెబుతోంది, అందుకని నగర సేవకు వచ్చానన్నాడు. అందరూ నవ్వారు.

నా వంతు వచ్చినప్పుడు బండి స్టాపు అన్నాను. అంతకన్నా మాట రాలేదు. ఆమె బోర్డు మీద 'బండి స్టాపు' అని రాసి కింద గీత గీసింది. అది బోర్డు మీద చూస్తే సిగ్గేసింది.

సెప్టెంబరు 13, శుక్రవారం

వాన. పని తక్కువ. గుడి దగ్గర పీయున్ లేదు.

ఆమె ఎదుటి మేడలో నాలుగో అంతస్తులో ఉంటుంది, అన్న ఖోతో. ఖో బస్సు డిపోలో మెకానిక్. మా సందులో చెత్త సంచీతో అందరికంటే ముందు నిలబడేది అతనే, బండి మలుపు తిరగకముందే. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చింది. అప్పుడు ఆమె చియాయి ఊరి నుంచి వచ్చింది, అన్నను చూసుకోవడానికి. అప్పటి నుంచి సంచీ ఆమె తెచ్చేది. అన్న రెయిన్‌కోటు వేసుకుని, చేతులు కనపడకుండా.

ఈ రెండేళ్లలో మేం మాట్లాడుకున్నది రాస్తే ఒక పేజీ కాదు. చేపలు చవగ్గా ఉన్నాయి అంది, అవును అన్నాను. కమలా తొక్కలు పందుల మేతకు పోయే డబ్బాలో వెయ్యకూడదండీ, ఆ పక్కదాంట్లో వెయ్యాలి అంది, అప్పటి నుంచి అలాగే వేస్తున్నాను. మీ దుకాణంలో లైటు రంగు బాగుంటుంది అంది ఒకసారి. బల్బు పాతది. మార్చాల్సింది, మార్చలేదు.

బండి ఆగితే ఆ కొద్దిసేపు పక్క పక్కన నిలబడేవాళ్లం. వెళ్లిపోతే ఎవరి దారి వాళ్లది. అంతే. ఇప్పుడు అదీ లేదు.

సెప్టెంబరు 17, మంగళవారం

పున్నమి పండుగ. సందంతా బొగ్గుల పొయ్యిలు, మాంసం కాలుస్తున్నారు. చియూ పిన్ని నా చేతిలో మాంసం గుచ్చిన పుల్ల ఒకటి పెట్టి తినరా నాయనా, ఎముకలు లెక్కపెట్టొచ్చు నీవి, అంది. చియూ పిన్ని ఆ మేడలోనే మూడో అంతస్తు. పైన నాలుగో అంతస్తు కిటికీలో లైటు ఉంది. పొగ లోపలికి పోకుండా కిటికీ మూసి ఉంది. పిన్నిని అడగాలనుకున్నాను, ఖో ఎలా ఉన్నాడని. అడగలేదు.

సెప్టెంబరు 18, బుధవారం

ఇవాళ పాఠం, ఏది ఎవరిది అని. మా బడి ముందు రోడ్డు ఫొటో వేసింది మేడమ్. వీధి దీపం ఒక శాఖ. దాని కింద చెట్టు ఇంకో శాఖ. చెట్టు కింద నేల మూడో శాఖ. నేలలో కాలువ నాలుగో శాఖ. కాలువ మూత మాత్రం దాని మీద ఎవరి మెట్టు ఉంటే వాళ్లది. దూ చెయ్యెత్తి, మేడమ్, ఆ చెట్టు కింద కుక్క ఒంటికి పోస్తే అది ఎవరిది అన్నాడు. మేడమ్ తడుముకోకుండా, పోసేదాకా కుక్క యజమానిది, పోశాక పారిశుద్ధ్య విభాగానిది అంది. అందరం నవ్వాం, నేనూ.

తర్వాత నా బండి సంగతి. స్టాపు మార్చేది పారిశుద్ధ్య విభాగం. వాళ్లంతట వాళ్లు మార్చరు, ఎవరో అడిగితేనే. అడిగింది ఎవరో బయటికి చెప్పరు. వెనక్కి మార్చాలంటే సందువాళ్ల ముద్రలతో పిటిషను పెట్టాలి, పేటపెద్ద ద్వారా గాని కౌన్సిలర్ ద్వారా గాని. అప్పుడు అందరూ ఒక రోజు ఆ చోటుకే వచ్చి నిలబడి చూస్తారు. కాగితాల మీద కాదు, ఆ స్థలంలో నిలబడి తేల్చుకుంటారు. మన ఊళ్లో పనులయ్యేది ఇలాగే అంది మేడమ్, పది ఆఫీసులు తిరిగినా కానిది రోడ్డు మీద అరగంట నిలబడితే అవుతుంది.

ఎవరో అడిగితేనే అన్న మాట దారంతా తలలో తిరిగింది. ఎవరికి అడ్డం వచ్చింది ఆ బండి? కిందింటి నూడిల్స్ దుకాణంవాడై ఉంటాడు. వాడికి ఈగలంటే భయం.

సెప్టెంబరు 28, శనివారం

క్లాసు తరఫున చెత్త కాల్చే ప్లాంటుకు తీసుకెళ్లారు. అద్దం వెనకాల నిలబడితే కింద పెద్ద గుంట. ఇనుప పంజా దిగి, మేడంత చెత్త పట్టుకుని లేస్తుంది, మళ్లీ జారవిడుస్తుంది. దూ నా భుజం తట్టి, గురూ, మా ఆవిడ పోయినేడు పారేసిన నా లాటరీ టికెట్ అందులోనే ఉంది అన్నాడు.

నేను వేరే ఆలోచిస్తున్నాను. మా పేట చెత్త ఇక్కడికే వస్తుంది. పీయున్ సంచీ కూడా ఇక్కడే పడి ఉంటుంది. ఆమె మానెయ్యలేదు గదా చెత్త పుట్టించడం. ఎవరో మోస్తున్నారు. ఎవరు?

అక్టోబరు 2, బుధవారం

తుఫాను సెలవు. క్లాసు లేదు. దుకాణం బోర్డుకు తాడు కట్టాను.

అక్టోబరు 7, సోమవారం

ఎండ. ఎప్పుడూ వాన పడే మా కీలుంగ్‌లో అది వార్తే. తడిసిన షట్టరుకు నూనె వేశాను.

పిటిషను రాశాను. మేడమ్ దిద్దింది. మా సందు ఇళ్లకు గుడి దూరం, వానలో ముసలివాళ్లు జారుతున్నారు, కాబట్టి స్టాపు పాత చోటికే మార్చమని. అన్నీ నిజాలే. అబద్ధం ఒక్కటీ లేదు. నా కారణం ఒక్కటే లేదు.

ముద్రలకు ఇంటింటికీ తిరగక్కర్లేదు. పగలంతా దుకాణంలో ఉండేది నేనే కాబట్టి, సందులో సగంమంది రిజిస్టర్డ్ ఉత్తరాల కోసం తమ చవక ముద్ర ఒకటి నా దగ్గరే వదిలేశారు. పోస్టుమ్యాన్ వస్తే వేసి తీసుకుంటాను, వాళ్లు పనుల నుంచి వచ్చి ఉత్తరం పట్టుకెళ్తారు. చాలావరకు నేను చెక్కినవే. వచ్చినవాళ్లను అడిగాను, రానివాళ్లకు ఫోన్ చేశాను. అందరూ వేసెయ్యి అన్నారు. చదవమన్నా చదవలేదు. నూడిల్స్ దుకాణంవాడు కూడా వేసెయ్యి అన్నాడు. మరి వాడు కాదన్న మాట.

చియూ పిన్ని తన ముద్ర తనే వేసింది, గట్టిగా, కాగితం చిరిగేలా. నా మోకాళ్లు గుడి దాకా ఒప్పుకోవడం లేదురా, రెండేసి సంచులతో, అంది. రెండేసి ఎందుకో అప్పుడు ఆలోచించలేదు.

అక్టోబరు 8, మంగళవారం

మిగిలింది ఒక్క ముద్ర. పీయున్‌ది.

అది కూడా నా డ్రాయరులోనే ఉంది. ఆమె వచ్చిన మొదటి నెలలో చేయించుకుంది, ఇక్కడే వదిలింది. చవక ముద్రకు అవసరం లేనంత శ్రద్ధగా చెక్కాను. ఆమె పేరులో చివరి అక్షరానికి మేఘం అని అర్థం, దాన్ని నింపాదిగా చేశాను.

ఫోన్ నంబరు లేదు. ఎదుటి మేడ మెట్ల దాకా వెళ్లి నిలబడ్డాను. నాలుగో అంతస్తు. బెల్ నొక్కి ఏమనాలి, బండి వెనక్కి రావాలని ముద్ర వెయ్యండి అంటే ఎందుకు అంటుంది. ఎందుకంటే ఏం చెప్పాలి.

వెనక్కి వచ్చాను. రోజూ దిగేది కదా, ఆమెకు మాత్రం దగ్గరగా ఉంటే వద్దా అనుకున్నాను. వేశాను. అడగలేదు. ఎర్ర సిరాలో ఆమె పేరు నా పేరు పక్కనే పడింది. చాలాసేపు ఆరనిచ్చాను.

అక్టోబరు 9, బుధవారం

మేడమ్ పిటిషను పైకెత్తి అందరికీ చూపించింది. ఒక్క ఇల్లు కూడా తప్పలేదు, ఇలాంటిది నేను చూడలేదు అంది. ఫాంగ్ గారు మాట్లాడరు గాని సందంతా ఆయన మాట వింటుంది అంది. దూ చప్పట్లు కొట్టాడు. చెమట పట్టింది.

అక్టోబరు 16, బుధవారం

పిటిషను కౌన్సిలర్ ఆఫీసు నుంచి విభాగానికి వెళ్లింది. స్థల పరిశీలన 29న, మధ్యాహ్నం. మేడమ్ క్లాసంతా వచ్చి చూస్తుందంది, ఇది మన ప్రాక్టికల్ అంది. పేటపెద్ద వెంగ్ సైకిలు మీద పోతూ దుకాణం ముందు ఆగాడు. ఏదో చెప్పబోయాడు. చెప్పక, నీకీ పట్టుదల ఎప్పుడొచ్చిందయ్యా అని పోయాడు.

అక్టోబరు 28, సోమవారం

మబ్బు. జుట్టు కత్తిరించుకున్నాను. క్షవరం చేసే ఆమె, పెళ్లిచూపులా అంది. స్టాపు చూపులు అన్నాను. నేను జోకు వేశానని ఆమె చెయ్యి ఆగిపోయింది.

రేపు అందరూ దిగుతారు. పీయున్ కూడా దిగాలి.

అక్టోబరు 29, మంగళవారం

రాత్రి రాద్దామనుకున్నాను, అంతదాకా ఆగలేకపోయాను. ఇప్పుడు సాయంత్రం, షట్టరు సగం దించి రాస్తున్నాను.

వాన లేదు. సందు మొదట్లో అందరం నిలబడ్డాం. విభాగం నుంచి ఒక స్క్వాడ్ ఆఫీసరు, పచ్చ చొక్కా, చేతిలో అట్ట. కౌన్సిలర్ అసిస్టెంటు, ఫోన్ చూసుకుంటూ. పేటపెద్ద వెంగ్. మా సందువాళ్లు. రోడ్డుకు అవతల షావ్ మేడమ్, క్లాసు. దూ టోపీ పెట్టుకొచ్చాడు.

ఆఫీసరు పిటిషను చదివాడు, బండి ఎక్కడ ఆగేదో అడుగులు వేసి చూశాడు. దారి సరిపోతుంది, ముద్రలన్నీ ఉన్నాయి, మాకు అభ్యంతరం లేదు, ఎవరికైనా ఉందా అన్నాడు. అది మామూలు మాట, ఎవరూ ఏమీ అనరు, సంతకం పెట్టేసి టీ తాగి పోతారని మేడమ్ క్లాసులో చెప్పింది.

అప్పుడు మేడ తలుపు తెరుచుకుంది. పీయున్ వచ్చింది. రెయిన్‌కోటు లేకుండా ఆమెను పగటి వెలుగులో చూడడం ఇదే మొదలు. చిక్కిపోయింది. పరుగున దిగి వచ్చినట్టు ఊపిరి తీసుకుంటోంది. నాకుందండీ అభ్యంతరం, అంది. నాలుగో అంతస్తు, ఖో వాళ్లం. బండిని ఇక్కడికి తేవద్దు.

సందువాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నూడిల్స్ దుకాణంవాడు, ఏమ్మా, గుడి నీకు దగ్గరా మాకు దగ్గరా అన్నాడు.

ఆమె అతని వైపు చూడలేదు. ఆఫీసరుతోనే చెప్పింది. మా అన్నయ్యకు కాళ్లు లేవవు, మాట లేదు. కాని బండి పాట వినపడితే లేస్తాడండీ. ఇరవై ఏళ్లు సంచీ ఆయనే దించాడు, ఆ పాట వింటే ఇంకా తనే దించాలనుకుంటాడు. మంచం దిగి చెప్పుల కోసం వెతుకుతాడు. నేను వంటింట్లో ఉంటే తలుపు దాకా పాక్కుంటూ వెళ్లిపోతాడు. ఆగస్టులో మెట్ల మలుపు దాకా వెళ్లి పడ్డాడు. నేను కింద ఇక్కడే బండి దగ్గర ఉన్నాను అప్పుడు, సంచీతో. అందుకని పేటపెద్ద గారి కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. ఒక్క ఇంటి కోసం సందంతా నడవాలా అంటారని ఎవరికీ చెప్పొద్దన్నాను. ఇప్పుడు కూడా గాలి ఇటు తిరిగితే గుడి దగ్గర పాట వినపడుతుంది. చెప్పులు చూసుకుంటాడు. కాని లేవడు, దూరం అని తెలుస్తుందేమో.

వెంగ్ జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

కింద ఇక్కడే బండి దగ్గర ఉన్నాను అంది. ఆగస్టులో ఆ రోజు నాకు గుర్తుంది. చేపల గురించి మాట్లాడుకున్నాం. బండి వెళ్లాక కూడా ఇంకొంచెంసేపు నిలబడ్డాం.

ఆఫీసరు అట్ట మీద కాగితాలు తిప్పాడు. మరి మీ ఇంటి ముద్ర కూడా ఉందేమమ్మా ఇక్కడ, అన్నాడు. అడగడం మంచిగానే అడిగాడు. ఆమె చూపించమంది. కాగితం తీసుకుని చూసింది. నా పేరు పక్కన తన పేరు. మేఘం అక్షరం. తల ఎత్తి నా వైపు చూసింది. అంత మందిలో నేనెక్కడ ఉన్నానో వెతుక్కోవాల్సిన పని లేకుండా చూసింది.

నేను ఒక అడుగు ముందుకు వేశాను.

నాదేనండీ, అంది ఆమె. నేనే వెయ్యమని ఇచ్చాను. అప్పుడు అలా అనిపించింది. ఇప్పుడు వద్దనిపిస్తోంది. మనిషికి మనసు మారకూడదా?

ఆఫీసరు పిటిషను పెట్టినవారు ఎవరు అన్నాడు. నేనే అన్నాను. వెనక్కి తీసుకుంటున్నాను అన్నాను. అందరినీ అడగక్కర్లేదా అని అసిస్టెంటు ఫోన్ మీంచి తలెత్తాడు. పెట్టినవాడు తీసుకోవచ్చు అని రోడ్డు అవతలి నుంచి షావ్ మేడమ్ గట్టిగా చెప్పింది. తీసుకున్నాను. కారణం అన్నచోట ఏం రాయాలి అన్నాడు ఆఫీసరు. అవసరం లేదు అని రాయమన్నాను.

అప్పటికే ఆమె మేడలోకి వెళ్లిపోయింది. అన్నను ఒంటరిగా వదిలి వచ్చింది గదా.

జనం చెదిరాక చియూ పిన్నితో, కింది అంతస్తే నీది, నీకు తెలుసు గదా, మరి ముద్ర ఎందుకు వేశావు, నాకెందుకు చెప్పలేదు అన్నాను. నువ్వడిగావట్రా, అంది. ఆ పిల్లకు అన్న ఉన్నాడు, నాకు మోకాళ్లు ఉన్నాయి. ఆమె సంచీ నేను మోస్తున్నా, నా సంచీ నేను మోస్తున్నా, నాది నేను చూసుకోవద్దూ? అంటూనే ఏడ్చింది.

అక్టోబరు 30, బుధవారం

వాన. క్లాసుకు వెళ్లలేదు.

నవంబరు 2, శనివారం

చియూ పిన్ని వచ్చింది. పీయున్ ముద్ర ఇమ్మంది. ఆమే పంపించిందా అన్నాను. అవును అంది. తుడిచి, కాగితంలో చుట్టి ఇచ్చాను. ఏమైనా అందా అన్నాను. ముద్ర తెమ్మంది, అంతే అంది పిన్ని. డ్రాయరులో అది ఉన్న గడిలో ఇంకేదీ పెట్టలేదు.

నవంబరు 6, బుధవారం

వెళ్లాను. పోయిన వారం రాలేదేమని ఎవరూ అడగలేదు. దూ పక్కన కూర్చుని టీ ఫ్లాస్కు నా వైపు తోశాడు, జోకు వెయ్యలేదు.

చివర్లో అడిగాను. బండి పాట లేకుండా రావొచ్చా, మా సందులో ఆపడం కాదు, గుడి దగ్గరే, గాలి ఇటు తిరిగినప్పుడు. మేడమ్ ఆలోచించింది. పాట లేకపోతే జనానికి ఎలా తెలుస్తుంది ఫాంగ్ గారూ, అంది. విభాగానికి ఫోన్ చేసి అడుగుతానంది. చేసింది కూడా, మా ముందే. అవతలివాళ్లు, పాట మా చేతిలో లేదు మేడమ్, బండి కదిలితే పాట కదులుతుంది అన్నారు. ఆమె ఫోన్ పెట్టి బోర్డు మీద ఏదో రాయబోయి రాయలేదు.

తిరిగి వస్తుంటే నాలుగో అంతస్తులో లైటు ఉంది.

నవంబరు 11, సోమవారం

గాలి ఉత్తరం నుంచి. గుడి దగ్గర పాట మొదలైనప్పుడు నేను క్యూలో ఉన్నాను. మామూలుగా సంచీ వేసి వచ్చేస్తాను. ఇవాళ పాట ఎంత దూరం పోతోందో వింటూ నడిచాను. మా సందు మొదటిదాకా వచ్చి వెనక్కి తిరిగి చూస్తే ఇంకా వినపడుతోంది. నా చెవికైతే సన్నగానే. ఒక మనిషి ఇరవై ఏళ్లు విన్న చెవితో ఎంత వినపడుతుందో ఎవరు చెప్పగలరు.

నవంబరు 20, బుధవారం

ఆఖరి క్లాసు. సర్టిఫికెట్లు ఇచ్చారు. ఒక్కొక్కరూ ఈ తరగతుల వల్ల ఏం సాధించారో చెప్పమన్నారు. చెట్టు వేర్లామె ఇంటి ముందు నేల చదును చేశారు. దూ వాళ్ల బస్సు స్టాపులో బల్ల వేయించాడు, దాని మీద మొదట కూర్చుంది నేను కాదు, మా ఆవిడ, అన్నాడు. నేను లేచి, ఏమీ సాధించలేదు అన్నాను. కూర్చున్నాను. బయటికి వచ్చాక షావ్ మేడమ్ గొడుగు విప్పుకుంటూ, కారణం అన్నచోట అవసరం లేదు అని రాయించడం ఎంత కష్టమో నాకు తెలుసు, అంది. ఆమెకు ఎంత తెలుసో నాకు తెలియదు. గొడుగు కింద ఆమె వెళ్లేదాకా నిలబడ్డాను.

సర్టిఫికెట్ గోడకు పెట్టలేదు. ఫ్రేము లేదు.

నవంబరు 22, శుక్రవారం

పొద్దున పొగమంచు. చియూ పిన్ని పెట్టె లాక్కుంటూ దుకాణం ముందు ఆగింది. తైచుంగ్ వెళ్తోంది, కూతురు ప్రసవించింది, నెల రోజులు దగ్గరుండి బాలింత పథ్యం, నువ్వులనూనెలో కోడి, వండిపెట్టాలి. చక్రం ఒకటి ఊడబోతుంటే బిగించి ఇచ్చాను.

వెళ్తూ వెళ్తూ అంది. ఆ పిల్ల సంచులు ఇక మెట్ల మలుపులోనే పేరుకుంటాయి. ఎవరితోనూ చెప్పదు, నాకు తెలుసు. అన్నను వదిలి గుడి దాకా పోలేదు. నువ్వు నగరం ఎలా నడుస్తుందో చదువుకున్నావుగా నాయనా. ఏ శాఖకు రాస్తావో రాయి.

టాక్సీ దాకా పెట్టె మోశాను.

నవంబరు 23, శనివారం

గుడి దగ్గర నుంచి ఖాళీ చేతులతో తిరిగి వస్తూ ఎదుటి మేడ మెట్ల దగ్గర ఆగాను. మూడో అంతస్తు మలుపు దాకా ఎక్కాను. నాలుగో అంతస్తు తలుపు వెనక రేడియో ఉంది, సన్నగా. వార్తలు. ఆమె గొంతు, అన్నకు ఏదో చెబుతోంది, నిదానంగా, మళ్లీ మళ్లీ. దిగి వచ్చేశాను.

నవంబరు 24, ఆదివారం

బండి లేదు. ఏమీ లేదు.

నవంబరు 25, సోమవారం

పొడి. చల్లగాలి, గుడి వైపు నుంచి. దుకాణం అద్దాలు తుడిచాను. తాళంచెవులు రెండో మూడో, రాసుకోలేదు.

షట్టరు తొందరగా దించాను. బండి రావడానికి ఇంకా టైముంది. నా సంచీ కట్టి గుమ్మంలో పెట్టాను, ఇంకో చెయ్యి ఖాళీ. బెల్ నొక్కాక ఏమనాలో మధ్యాహ్నం నుంచి అనుకుంటున్నాను. ముందు ముద్ర సంగతి చెప్పాలి, తప్పు అనాలి. కాదు. అదంతా చెబుతూ నిలబడితే పాట వచ్చేస్తుంది. చెత్త ఇవ్వండి అంటే చాలు. ఖో లేవకముందే తలుపు దగ్గర ఉండాలి, అందుకని ఇప్పుడే, ఇది రాయడం ఆపి